మేత వేళ

శనివారం సాయంత్రం, ఏలూరు. రిటైరైన సైన్సు మాస్టారు ఏసుబాబు ఇల్లు. ఆయన భార్య దేవకుమారి తెల్ల చీర కోసం బీరువాలో బట్టలన్నీ మంచం మీద గుట్ట పోసింది.

“ఇంకో తెల్ల చీర కట్టుకోమంటున్నాను కదా. తెలుపు తెలుపే.”

“తెలుపు తెలుపే ఏంటండీ? స్త్రీల సమాజం వాళ్ళమంతా ఒకే కొట్లో తీయించుకున్నాం, నీలం అంచుతో. అంతమంది వరసగా నిలబడితే నేనొక్కదాన్నే జరీ అంచుతో నిలబడాలా? అందులోనూ రేపు సభలో సాక్ష్యం చెప్పాల్సింది నేను.”

“అయితే చాకలి ఇచ్చి ఉండడు.”

“ఇచ్చాడు. నేనే చూసి లోపల పెట్టాను. కొంగు మూల మన గుర్తు కూడా చూశాను. అందరివీ ఒకేలాంటి చీరలు, మారిపోతున్నాయని నల్ల సిరాతో గుర్తు వేయించింది మీరే.”

“మరి గాలికి ఎగిరిపోయిందా?”

“ఆ మాట మీ అమ్మాయిని అడగండి. ఈ మధ్య ఇంట్లో పెట్టిన గుడ్డ పెట్టినచోట ఉంటే ఒట్టు. మీ ల్యాబ్ కోటు పట్టుకుపోయింది, మీరు ఒక్క మాటన్నారా?”

“కోటు నేనే ఇచ్చాను. సైన్సు మీద ఏదో చేస్తున్నానంది. రిటైరైన దగ్గర్నుంచి మేకుకి వేలాడుతోంది, పోనీలే అని.”

“మీరు ఇచ్చారు. నేను ఇవ్వలేదు.”

“సరే, రానీ, అడుగుదాం. ఈలోగా సాక్ష్యం ఒకసారి చెప్పు, వింటాను.”

“ఎన్నిసార్లు వింటారండీ?”

“మైకు ముందు తడబడతావని. పాస్టరు అయ్యగారు ముందే చెప్పారు, పొడుగు వద్దు, నాలుగు ముక్కల్లో తేల్చమన్నారు.”

“నా పేరు దేవకుమారి. నాకు చాలా ఏళ్ళుగా షుగరు. పోయిన సభలో అయ్యగారు నా తల మీద చేయి పెట్టి ప్రార్థన చేశారు. ఆ వారమే పరీక్ష చేయిస్తే మామూలుగా ఉందన్నారు. దేవుడు నన్ను స్వస్థపరిచాడు. చాలా?”

“చాలు. బాగుంది. మాత్రల మాట మాత్రం ఎత్తకు. ప్రార్థనా మాత్రలూ కలిపి చెబితే వినేవాళ్ళకి గందరగోళం.”

“ఎత్తనులెండి.”

“ఏది ఎక్కడ చెప్పాలో అది అక్కడ చెప్పాలి. అంతే.”

“ఎత్తనన్నాను కదండీ.”

వీధి గేటు చప్పుడైంది. కూతురు క్యాథరిన్ వచ్చింది, చేతులనిండా తౌడు పొడితో.

“వచ్చావా. నా తెల్ల చీర ఏదే?”

“హాల్లో ఉందమ్మా.”

“ఏ హాల్లో?”

“కాలేజీ హాల్లో. నా ప్రదర్శనలో.”

“అడగకుండా తీశావా?”

“అడిగితే ఇవ్వవు.”

“ఇవ్వనని తెలిసీ తీశావన్నమాట. పద, నేనూ వస్తాను. ఇప్పుడు తెచ్చి ఇస్త్రీ చేసుకుంటే పొద్దుటికి అందుతుంది.”

“కట్టుకోవడానికి పనికిరాదమ్మా. సంచి కుట్టేశాను.”

“సంచేంటి?”

“మేత సంచి. బాబాయి చెరువుల్లో కర్రలకి కడతారే, కింద చిల్లులు పెట్టి. పడవ మీద తిరిగి తౌడు నింపి వెళతారు, చేపలొచ్చి మూతులతో పొడుచుకుని తింటాయి. అలాంటివే, పెద్దవి కుట్టాను. హాల్లో కర్రలు పాతి కట్టాను.”

“నా చీరకి చిల్లులు పెట్టావా?”

“చిల్లులు లేకపోతే మేత ఎలా రాలుతుందమ్మా? నాలుగు సంచులు. పార్టీ జెండాలతో ఒకటి, ఎదురింటి తాతాజీ గారి దీక్ష కండువాలతో ఒకటి, నాన్నగారి కోటుతో ఒకటి, నీ చీరతో ఒకటి. మధ్యాహ్నం నుంచి గంటకోసారి నేను బెల్లు కొడుతున్నాను. వచ్చినవాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని తలతో సంచిని కుమ్మాలి. ఎవరికి ఏ సంచి కావాలంటే ఆ సంచి. గుడ్డిగా నమ్మే మూఢుల మీద ఇది, ‘మేత వేళ’ అని పేరు పెట్టాను.”

“అమ్మాయ్, నా కోటు సైన్సు మీద అన్నావు.”

“సైన్సు మీదే నాన్నగారూ.”

“గుడ్డివాళ్ళూ మూఢులూ అంటూ జెండాల పక్కన, కండువాల పక్కన నా కోటు కట్టావా? ముప్పై ఏళ్ళు పాఠం చెప్పానే ఆ కోటు వేసుకుని.”

“అందుకే కట్టాను.”

“అందుకే అంటే?”

“ఏవండీ, కోటు సంగతి తర్వాత. ఏమే, రేపు ఉజ్జీవ సభ ఉందని తెలుసు. నేను మాట్లాడతానని తెలుసు. ఈ వారమే నా చీర కావలసొచ్చిందా నీకు?”

“ఈ వారమే కావాలమ్మా. ఈ వారం కాకపోతే దానికి అర్థం లేదు.”

“చూశారా, ఎంత పొగరో. పెళ్ళికి చీర కొంటామంటే సంచులు కుట్టుకుంటాను అంటుంది రేపు. నా మాట ఒక్కటి విను. ఆ సంచిలో ఏం పోశావో అది పారబోసి, కుట్లు విప్పి, ఎలా ఉంటే అలా చీర తీసుకురా. చిల్లులు కుచ్చిళ్ళలోకి పోయేటట్టు కట్టుకుంటాను.”

“తేనమ్మా.”

“తేవా?”

“తేను.”

మోటారు సైకిలు అరుగు దాకా వచ్చి ఆగింది. ఏసుబాబు తమ్ముడు వెస్లీ. కొల్లేరులో చేపల చెరువులున్నాయి, పార్టీలో చిన్న పదవి ఉంది. చెప్పులు కూడా విడవకుండా లోపలికి వచ్చేశాడు.

“అన్నయ్యా, చూశావా దీని నిర్వాకం? ఊరంతా ఫోన్లలో తిరుగుతోంది. నాయకుడుగారి పీఏ నాకు ఫోను చేసి, మీ ఇంటి పిల్లేనటగా వెస్లీ గారూ, రేపు మేము రావాలా మానాలా అని అడుగుతున్నాడు. నేనేం చెప్పను?”

“కూర్చోరా. కుమారీ, మంచినీళ్ళు.”

“నీళ్ళొద్దు వదినగారూ. మా జెండాలని మేత సంచి చేసింది, అన్నయ్యా. జనం తలలతో కుమ్ముతుంటే తౌడు రాలుతోంది, కింద పడ్డవాళ్ళు పడ్డట్టే, నవ్వేవాళ్ళు నవ్వినట్టే. ఆ తౌడు ఎవరిదనుకున్నావు? నాది. ‘బాబాయ్, ప్రదర్శనకి రెండు బస్తాలు కావాలి’ అంటే, పాపం ఆడపిల్ల మొయ్యలేదని నా వ్యాన్లో నేనే పంపాను.”

“చాలా మంచి తౌడు బాబాయ్. పురుగు లేదు.”

“నోరు ముయ్యి. తాతాజీ గారి కొడుకులు మధ్యాహ్నమే వచ్చి కూర్చున్నారట, కండువాలు దించమని. మన సంఘం కుర్రాళ్ళూ వెళ్ళారు. రెండు జట్లూ ఒకే బల్ల మీద కూర్చుని కాలేజీ వాళ్ళ కోసం ఎదురుచూస్తూ, ఒకళ్ళకొకళ్ళు టీలు తెప్పించుకున్నారట. ఇరవై ఏళ్ళలో నేను కలపలేనివాళ్ళని ఇది ఒక పూటలో కలిపింది.”

“దాన్నే రాజకీయం అంటారు బాబాయ్.”

“నీకు రాజకీయం నేను చెబుతాను. నా చెరువుల గట్లు ఎక్కడున్నాయో నీకు తెలుసు. అవి సరస్సులో ఉన్నాయనీ, కొట్టేయాలనీ కాగితాలు తిరుగుతూనే ఉంటాయి. రేపు ఆయన మన వేదిక ఎక్కి, మా వదిన పక్కన నిలబడి ఫోటో దిగితే, మళ్ళీ ఎన్నికల దాకా ఆ గట్ల మీద పార పడదు. నువ్వు తిన్నదీ, చదువుకున్నదీ ఆ గట్ల మీదే.”

“అందుకే అమ్మ సాక్ష్యం చెప్పాలన్నమాట.”

“అమ్మ సాక్ష్యం దేవుడి కోసం చెబుతుంది. మిగతాది నేను చూసుకుంటాను. అది కాదు అన్నయ్యా, అసలు ముచ్చట వేరే ఉంది. వదినగారి చీర సంచి.”

“నా చీరని గుర్తుపట్టారా మరిదిగారూ? అందరివీ ఒకేలా ఉంటాయి కదా.”

“కొంగు మూల చాకలి గుర్తు అలాగే ఉంది వదినగారూ. పాస్టరమ్మగారు కళ్ళద్దాలు పెట్టుకుని మరీ చదివారట. ఇది మన దేవకుమారిదే అన్నారట.”

“గుర్తు కత్తిరించడం మరిచిపోయావా క్యాథరిన్?”

“లేదమ్మా.”

“ఉంచావా?”

“ఉంచాను.”

“సరే. అందులో ఏం పోసింది మరిదిగారూ? తౌడేనా?”

“మీకు తెలీదా? అదే నాకూ అర్థం కాలేదు. మాత్రలు వదినగారూ. సంచినిండా మాత్రలు. కుమ్మితే ఒకటో రెండో రాలుతున్నాయి. చిన్నపిల్లలు ఏరుకుంటుంటే వాచ్‌మన్ తరిమాడట. వెనక గోడ మీద ఒక వీడియో, ఎవరిదో ఆడమనిషి పాదం. చెప్పు జారిపోయినా తెలియకుండా రోడ్డు మీద నడుచుకుంటూ పోతోంది. అదే మళ్ళీ మళ్ళీ వస్తోంది.”

“మాత్రలేంటి? ఏం మాత్రలు అమ్మాయ్?”

“అమ్మనే అడగండి నాన్నగారూ.”

“నిన్ను అడుగుతున్నాను.”

“షుగరు మాత్రలు. అమ్మవి. మీరు నెలనెలా తెస్తారే, అవి.”

“ఆవిడ వేసుకుంటుంది కదా. నేను రేకులు చూస్తూనే ఉన్నాను. రోజూ ఖాళీ అవుతున్నాయి.”

“రేకుల్లోంచి తీసి సీసాలో వేస్తోంది. అటక మీద, పాత ఊరగాయ జాడీ వెనక, హార్లిక్స్ సీసా. మీరు ఖాళీ రేకు చూసుకుని సంతోషపడ్డారు. ఆ రేకులే మీ కోటు సంచిలో పోశాను. మీది కుమ్మితే రేకు రాలుతుంది.”

“కుమారీ.”

“వింటున్నానండీ.”

“ఇది నిజమా?”

“నిజమే.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“సాక్ష్యం చెప్పమని అయ్యగారు కబురంపిన రోజు నుంచి.”

“నీకు మతి ఉందా? ప్రార్థన చేసుకోవద్దని నేనన్నానా? అదీ చెయ్యి, ఇదీ వేసుకో అన్నాను. అన్నానా లేదా? చదువుకున్న ఇల్లు ఇది. రేపు నీకేమైనా అయితే, సైన్సు మాస్టారి పెళ్ళాం మాత్రలు అటక మీద దాచుకుని పోయిందంటారు. నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

“ముందు మొహం సంగతే గుర్తొచ్చింది నాన్నగారికి.”

“నువ్వు మాట్లాడకు. కన్నతల్లిని సంచి చేసి వేలాడదీసినదానివి.”

“నేను వేలాడదీయకపోతే రేపు మీరు వేదిక మీద నిలబెడతారు. ఆవిడ తగ్గిపోయింది అంటుంది. వినేవాళ్ళలో షుగరున్నవాళ్ళు ఎంతమంది ఉంటారు? ఇంటికెళ్ళి ఎంతమంది మాత్రలు పారేస్తారు? అది ఆలోచించారా మీరు? పాఠాలు చెప్పారు కదా.”

“అన్నయ్యా, ఇప్పుడు పాఠాలొద్దు. నేను చెప్పేది వినండి అందరూ. ఈ పూట ఆ సంచులు దించేద్దాం, మనుషుల్ని నేను పంపిస్తాను. నీలం అంచు చీరలు ఊళ్ళో బోలెడు, చాకలి పొరపాటు పడ్డాడందాం. రేపు వదినగారు నిమ్మళంగా సాక్ష్యం చెబితే నోళ్ళన్నీ అవే మూతపడతాయి. ఆ తర్వాత మాత్రలు వేసుకుంటారో, ఆసుపత్రికే వెళతారో, ఎవరడ్డొచ్చారు?”

“సంచి మీద చెయ్యి వేస్తే ఆ వీడియో కూడా పెడతాను బాబాయ్. ఎవరి మనుషులు దించారో ఊరు చూస్తుంది.”

“చూశావా అన్నయ్యా, బెదిరిస్తోంది. దీనికి దేవుడి భయం లేదు, పెద్దంతరం లేదు.”

“అమ్మాయ్, నా ఇంట్లో ఉండాలంటే రేపు పొద్దున గుడిలో, ప్రభు బల్ల రొట్టె పంచే ముందు, లేచి నిలబడి సంఘానికి క్షమాపణ చెప్పు. లేదంటే నీ సంచులతోపాటు నువ్వూ ఆ హాల్లోనే ఉండు.”

“హాల్లోనే ఉంటాను.”

“ఏవండీ, కాసేపు ఆగండి. మీరిద్దరూ కూడా ఆగండి. ఇందాకట్నుంచీ నా గురించే మాట్లాడుతున్నారు, నన్ను ఒక్కళ్ళూ అడగలేదు. మాత్రలు ఎందుకు మానేశావు అని ఎవరైనా అడిగారా?”

“ఇంకెందుకు, అయ్యగారు చెప్పారనేగా అమ్మా.”

“అయ్యగారు మానమని అనలేదు. వేసుకోమనీ అనలేదు. ఆయనకి నా మాత్రల సంగతే తెలీదు. మీ నాన్నగారు చెప్పనివ్వలేదు.”

“నేనేం చేశాను కుమారీ?”

“మాత్రల మాట ఎత్తకు అన్నారు. ఇందాక కూడా అన్నారు. రోజూ రెండు పూటలా మాత్ర మింగుతూ, దేవుడే బాగు చేశాడని దేవుడి ఎదురుగా మైకులో ఎలా చెప్పనండీ? మీకు ఏది ఎక్కడ చెప్పాలో తెలుసు. నాకు అంత చదువు లేదు. అబద్ధం ఆడలేను, మీ మాట కాదనలేను. అందుకని మాత్రలు మానేశాను. మానేస్తే చెప్పేది నిజం అవుతుంది కదా అని.”

“అదేం లెక్క కుమారీ? ఎవరైనా అలా ఆలోచిస్తారా?”

“నేను ఆలోచించాను. తెలివితక్కువ లెక్కే అయి ఉండొచ్చు. మీరు సరిచేయొచ్చు కదా, మాస్టారు మీరు. ప్రతి సోమవారం పొద్దున్నే నా వేలు గుచ్చి ఆ మిషన్లో చూసేవారు. సభలో నా పేరు ఖాయమైన దగ్గర్నుంచి ఒక్క సోమవారం గుచ్చలేదు. ఎందుకండీ?”

“నీ విశ్వాసాన్ని పరీక్షించినట్టు ఉంటుందని.”

“ఎంత ఉందో తెలిసిపోతుందని కాదూ?”

“కుమారీ, తమ్ముడి ముందు...”

“మరిదిగారు పరాయివారు కాదు. ఆయన చెరువు గట్లు కూడా నా షుగరు మీదే నిలబడ్డాయని ఇప్పుడే తెలిసింది.”

“అంత మాటెందుకు వదినగారూ. మీ మీద గౌరవంతోనే కదా నేను...”

“గౌరవమే. కాదనడం లేదు. మైకులో నా పేరు పిలిచినప్పుడు నాక్కూడా గౌరవంగానే అనిపించింది. క్యాథరిన్, ఇటు రా. దగ్గరికి రా, కొట్టనులే. సీసా నీకు ఎప్పుడు దొరికింది?”

“పాత దుప్పట్ల కోసం అటక ఎక్కినప్పుడమ్మా.”

“దుప్పట్లు నువ్వు దించింది వినాయక చవితి పందిళ్ళప్పుడు. అప్పటికి సీసా ఎంతుంది?”

“గుర్తులేదు.”

“నాకు గుర్తుంది. అడుగున కాస్తే ఉంది. నువ్వు చూశావు. చూసి మళ్ళీ జాడీ వెనకే పెట్టేశావు.”

“అమ్మా, నేను చెప్పాలనే అనుకున్నాను.”

“ఎప్పుడు?”

“చెప్పినా వినవని.”

“చెప్పి చూశావా?”

“ఏం చెబుతున్నావు నువ్వు, అమ్మాయ్? అప్పట్నుంచీ తెలుసా నీకు? ఇంట్లో నేనున్నానే, నాతో ఒక్క మాట అనొచ్చు కదా.”

“ఆగండి, నన్ను అడగనివ్వండి. బజార్లో నా ఎడమ చెప్పు జారిపోయింది. కాలికి స్పర్శ తెలియక అలాగే నడుచుకుంటూ వచ్చేశాను. వెనక నువ్వున్నావు. ఇంటికొచ్చాక మడమ చూసుకుంటే గాజుపెంకు గుచ్చుకుని ఉంది. ‘అమ్మా, చెప్పు పడిపోయింది’ అని ఒక్క కేక వెయ్యడానికి నీకు నోరు రాలేదేమని అప్పుడే అనుకున్నాను. ఫోను చూసుకుంటున్నావేమోలే అనుకున్నాను. ఇప్పుడు మరిదిగారు చెబితే తెలిసింది, అది గోడ మీద ఆడుతోందని.”

“అది ముఖ్యం అమ్మా. నువ్వు అర్థం చేసుకోవాలి. అది చూసి అక్కడ ఎంతమంది ఏడ్చారో తెలుసా? ఒకావిడ అక్కడికక్కడే ఇంటికి ఫోను చేసి, మా ఆయన మాత్రలు వేసుకున్నాడా అని అడిగింది. నేను నీతో చెప్పి ఉంటే నువ్వొక్కదానివే మారేదానివి. ఇప్పుడు...”

“ఇప్పుడు ఊరంతా మారుతుంది.”

“అవును.”

“సీసా అడుగున ఉన్న ఆ నాలుగు మాత్రలూ సరిపోవా, ఊరు మారడానికి?”

“సంచి బరువుగా ఉండాలమ్మా. లేకపోతే కుమ్మితే ఊగదు.”

“అంటే నిండేదాకా ఆగావు.”

“అమ్మా.”

“రోజూ చూసేదానివా, ఎంత నిండిందో?”

“...అప్పుడప్పుడు.”

“చూశావా అన్నయ్యా. మనల్ని మూఢులంటుంది ఇది.”

“మరిదిగారూ, మీరు నవ్వకండి. ఏవండీ, మీరు దాన్ని తిట్టకండి. దానికి పని మీద ఉన్న పిచ్చి చూస్తే, పోయిన సభలో నేను ఎలా ఉన్నానో గుర్తొచ్చింది. నా కూతురే.”

“అమ్మా, నేను రేపే ఆ సంచి దించేస్తాను.”

“దించకు. చాకలి గుర్తుతో సహా అలాగే ఉంచు. నాకు దాంతో పని లేదు. ఏవండీ, పాస్టరుగారికి ఫోను చేసి రేపటి వరసలో నా పేరు తీసేయమనండి. కారణం అడిగితే నన్నే అడగమనండి. మరిదిగారూ, మీ నాయకుడుగారు వస్తే రానివ్వండి, మానితే మాననివ్వండి. నా పక్కన ఫోటో అయితే ఉండదు.”

“ఇప్పుడు ఈ బట్టలన్నీ సర్దుతున్నావేంటి కుమారీ? పొద్దున చూసుకోవచ్చు.”

“బీరువాలోకి కాదండీ, చేతిసంచిలోకి. గుండుగొలనులో మా అక్క రత్నమాణిక్యం ఉంది కదా, దానికీ షుగరే. అన్నం ముందు మాత్ర వేసుకుంటుంది, అన్నం తిన్నాక ప్రార్థన చేసుకుంటుంది. రెండూ ఎవరికీ చెప్పదు. బస్టాండు నుంచి బస్సులు ఇంకా ఉన్నాయి.”

“నేను కూడా వస్తాను పద.”

“వద్దండీ. పప్పు వండే ఉంది, వేడి చేసుకోండి. క్యాథరిన్, ఇంట్లోంచి నువ్వు ఎక్కడికీ పోనక్కర్లేదు, మీ నాన్నగారు కోపంలో అన్నారు. సోమవారం అక్కని తోడు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళతాను.”

“వెళ్ళగానే ఫోను చెయ్యమ్మా. షుగరు ఎంతుందో చెప్పు.”

“చేరానని చెబుతాను. షుగరు ఎంతుందో, మాత్రలు వేసుకున్నానో లేదో, ఈ ఇంట్లో ఇక ఎవరికీ చెప్పను.”